ఈవ్‌షమ్‌లో ఆరు వసంతాలు

మా తాతగారు మూరెడు గట్టు కోసం పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. పక్క పొలం ఆసామి ఏటా దుక్కిలో ఒక చాలు ఇవతలికి జరిగేవాడట, ఈయన ఏటా గొలుసు పెట్టి కొలిపించేవారట. నేను పుట్టకముందు మొదలైన ఆ తగాదా నేను అయిదో క్లాసులో ఉండగా తీరింది. అందుకే మా ఇంట్లో పిల్లలందరికీ నడక రాగానే చెప్పే మాట ఒకటుండేది: "ఇంకొకళ్ళ చేలో అడుగు పెట్టకండమ్మా, మాటొస్తుంది."

2010 మార్చిలో ఒక ఆదివారం పొద్దున, ఇంగ్లండులో మా ఇంటి వెనకున్న గోధుమ చేను ముందు నేను ఆగిపోయింది ఆ మాట గుర్తొచ్చే. చేను మొదట్లో ఒక కర్ర పాతి ఉంది. దాని మీద పసుపు రంగు బాణం గుర్తు. ఆ బాణం సూటిగా చేను మధ్యలోకి చూపిస్తోంది. గోధుమ అప్పటికింకా జానెడు కూడా లేదు. రాత్రి కురిసిన మంచుతో ఆకులన్నీ తడిసి ఉన్నాయి. వాటి మధ్యలోంచి ఒక మనిషి పట్టేంత సన్నటి దారి, తల దువ్వి పాపిడి తీసినట్టు, అవతలి కంచె దాకా వెళ్తోంది. రెండేళ్ళ మా పాప చంకలో ఉంది. ఎవరైనా కేకలేస్తారేమోనని అటూ ఇటూ చూశాను. కుక్కని తీసుకుని వెనకే వస్తున్న ఒక పెద్దావిడ, "వెళ్ళమ్మా, ఇది అందరి దారే" అని, నన్ను దాటుకుని చేలోకి దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే నేనూ దిగాను.

అంతకుముందు నాలుగు నెలలూ నేను ఆ దేశంలో ఉన్నానన్న మాటే గానీ, చూసింది వంటింటి కిటికీ, సూపర్‌మార్కెట్, బస్‌స్టాప్ మాత్రమే. మేం 2009 నవంబరులో వెళ్ళాం. మా వారి ఉద్యోగం వూస్టర్‌లో. అక్కడ అద్దెలు భరించలేక పాతిక కిలోమీటర్ల దూరంలో ఈవ్‌షమ్‌లో ఇల్లు తీసుకున్నాం. ఏవన్ నది మూడు వైపులా చుట్టి పారే చిన్న ఊరు. చుట్టూ ప్లమ్ తోటలు, కూరగాయల పొలాలు, దూరంగా కాట్స్‌వోల్డ్ కొండలు. ఇవన్నీ తర్వాత తెలిసినవి. ఆ చలికాలంలో నాకు తెలిసింది చీకటే. సాయంత్రం నాలుగింటికి పొద్దుపోయేది. జనవరిలో మంచు పడి రోజుల తరబడి గడ్డకట్టింది. వీధిలో ఎదురైనవాళ్ళు నవ్వి ఒక హలో చెప్పి వెళ్ళిపోయేవారు. అందరి తలుపులూ మూసే ఉండేవి. చలికి తలుపు తీసి పెట్టుకునేదెవరు? అది తెలిసినా, అరుగుల మీద పెరిగిన ప్రాణం కదా, గుండె పట్టేసినట్టు ఉండేది. అమ్మ ఫోన్లో "ఏం చేస్తున్నావే?" అంటే "ఏం లేదమ్మా, కిటికీ దగ్గర కూచున్నా" అనేదాన్ని.

తలుపులు మూసి ఉన్న ఆ ఊళ్ళో పొలాల గేట్లు మాత్రం నా కోసం తెరిచే ఉన్నాయని మార్చి దాకా తెలియలేదు.

ఆ దారుల్ని ఫుట్‌పాత్ అంటారు. మన రోడ్డు పక్క ఫుట్‌పాత్ కాదు. పొలం రైతుదే, పంట రైతుదే, దాని మధ్యలోంచి నడిచే హక్కు మాత్రం లోకంలో అందరిదీ. ఎప్పుడో చర్చికో మిల్లుకో సంతకో జనం నడిచి నడిచి పడిన బాటలవి. ఒకసారి దారి అయితే ఎప్పటికీ దారే అన్నది వాళ్ళ చట్టం. రైతు దున్నితే దున్నుకోవచ్చు గానీ పద్నాలుగు రోజుల్లోగా మళ్ళీ ఆ బాటని సరిచేసి పెట్టాలి. మా తాతగారికి ఫోన్లో ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పద్నాలుగు రోజులా? ఖర్చు ఎవరిదీ?" అని అడిగారు. రైతుదేనని చెప్పాను. "ఊఁ" అన్నారు.

ఈ దారులన్నీ పెద్దమనుషులు ఊరికే వదిలేసినవి కావు. 1932 ఏప్రిల్ 24న ఉత్తరాన కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి, ప్రభువుల వేటకి దాచి ఉంచిన నేలలోకి, మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్ళు వందల మంది కలిసి నడుచుకుంటూ ఎక్కేశారు. అయిదుగురు జైలుకెళ్ళారు. 1949లో చట్టం వచ్చాక ప్రతి జిల్లాలోనూ కౌన్సిళ్ళు ఈ బాటల్ని పటాల మీదికి ఎక్కించడం మొదలుపెట్టాయి. నారింజ రంగు అట్ట ఉన్న ఆ మ్యాపు ఒకటి కొనుక్కున్నాను. అందులో ఆకుపచ్చ చుక్కల గీతలన్నీ నడిచే దారులు. మా ఇంటి నుంచి ఒక గంట దూరంలో ఎన్ని గీతలున్నాయో ఒక రాత్రి కూర్చుని లెక్కపెట్టబోయి, పడుకునే వేళయి ఆపేశాను.

కంచె అడ్డమొచ్చిన చోట రెండు చెక్క మెట్లు ఉంటాయి, స్టైల్ అంటారు. ఎక్కి అటు దిగడమే. కొన్నిచోట్ల చిన్న గేటు ఒక బుట్టలాంటి కంచెలో అటూ ఇటూ ఆడుతుంటుంది. మనిషి ఒంటరిగా ఒదిగి దాటగలడు, ఆవు దాటలేదు. వాళ్ళ నియమమల్లా ఒకటే, తీసిన గేటు మళ్ళీ వెయ్యాలి. మా పాపకి ఇంగ్లీషులో బాగా వచ్చిన మొదటి వాక్యం "గేటు వేశావా?" అన్నదే.

అక్కడ వసంతం మన చైత్రంలా ఒక్క రోజున వచ్చి కూర్చోదు. విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో అలిగి వెనక్కి పోతుంది కూడా. ముందు స్నోడ్రాప్స్, మంచులోంచే తల వంచుకుని వస్తాయి. తర్వాత క్రోకస్‌లు. మార్చికి డాఫడిల్స్, రోడ్ల పక్కన, రౌండబౌట్ల మీద, సమాధుల మధ్య, ఎక్కడ చూసినా పసుపే. తర్వాత బ్లాక్‌థార్న్. ఆ ముళ్ళపొద ఆకు వెయ్యకుండానే ముందు పువ్వు పూస్తుంది. నల్లటి కొమ్మకి తెల్లటి పువ్వు. ఎండ కాసింది కదాని మనం కోటు తీసేస్తాం. సరిగ్గా అప్పుడే మళ్ళీ చలిగాలి. దాన్ని వాళ్ళు బ్లాక్‌థార్న్ వింటర్ అనే అంటారు. మే పువ్వు విచ్చేదాకా ఒంటి మీద గుడ్డ తియ్యొద్దని సామెత కూడా ఉంది. ఆ మే పువ్వు ఇంకో ముళ్ళపొదది, హాథార్న్. అదేమో ముందు ఆకు వేసి తర్వాత పూస్తుంది. రెండూ ఒకేలా ఉంటాయి, దూరం నుంచి తేడా తెలిసేది ఇదొక్కటే. నాకు ఇది తెలియడానికి రెండేళ్ళు పట్టింది. తెలిసిన రోజున, పిల్లాడికి గుణింతం వచ్చినంత సంతోషం.

ఏప్రిల్ మొదట్లో ప్లమ్ తోటలు పూస్తాయి. ఊరి చుట్టూ తోటల మీదుగా కారులో తిరిగి చూసేందుకు బ్లాసమ్ ట్రెయిల్ అని బోర్డులే పెడతారు. మా వారు డ్రైవ్ చేస్తుంటే పాప కిటికీకి ముక్కు ఆనించి "మంచు, మంచు" అనేది. దిగి చూస్తే, ఒక్కో కొమ్మకీ జొన్న పేలాలు అతికించినట్టు పువ్వులు, లోపల తేనెటీగల రొద. గాలి వీస్తే రెక్కలు రాలి తడి గడ్డిమీద పడతాయి. తోట కింద గొర్రెలు మేస్తుంటాయి. తల్లి గొర్రె పక్కమీద నీలం రంగుతో 47 అని రాసి ఉంటుంది, దాని పిల్లలిద్దరి మీదా అదే 47. ఏ పిల్ల ఏ తల్లిదో రైతుకి తెలియడానికి. ఒక సాయంత్రం పొద్దువాలే వేళ, ఆ పిల్లలన్నీ ఒక గుంపుగా చేరి కంచె ఈ కొస నుంచి ఆ కొసకి పరుగు పందెం పెట్టుకున్నాయి. అటు వెళ్ళి గిర్రున తిరిగి మళ్ళీ ఇటు. చీకటి పడుతుంటే తల్లులు పిలవడం మొదలుపెట్టాయి, ఒక్కో తల్లిది ఒక్కో గొంతు. 47 పరిగెత్తుకుంటూ 47 దగ్గరికి పోయింది, మోకాళ్ళ మీద పడి పొదుగుని తలతో కుమ్మి, తోక గబగబా ఆడించుకుంటూ తాగింది. మా ఊళ్ళో సందె వేళ అమ్మలు అరుగుల మీంచి పిల్లల్ని పేరుపెట్టి పిలిచేవారు, అందరం ఆట వదిలేసి పరిగెత్తేవాళ్ళం. నేను ఆ కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా వారు హారన్ కొట్టి పిలిచేదాకా కదల్లేదు.

2011లో మాకు అలాట్‌మెంట్ వచ్చింది. కౌన్సిల్ వాళ్ళు కూరగాయలు పండించుకోడానికి అద్దెకిచ్చే చిన్న మడి. 1908 నాటి చట్టం ఒకటుంది, ఊళ్ళో ఆరుగురు ఓటర్లు కలిసి అడిగినా కౌన్సిల్ పట్టించుకోవాల్సిందే. పూర్తి ప్లాట్ అంటే వాళ్ళ పాత కొలతలో పది రాడ్‌లు, సుమారు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో ఆరు సెంట్లు. మాకు సగం ఇచ్చారు, మూడు సెంట్లు. ఏడాదిగా వెయిటింగ్ లిస్టులో ఉన్నాం. ఉత్తరం రాగానే మా వారికన్నా ముందు తాతగారికి ఫోన్ చేశాను. "సరిహద్దు రాళ్ళు చూసుకున్నావా?" అన్నారు.

సరిహద్దు అంటే అక్కడ ఒక గడ్డి బాట, అంతే. దాని అవతలి ప్లాట్ ఒక పెద్దాయనది. డెబ్భై దాటిన మనిషి. వాళ్ళ నాన్న కాలం నుంచి కూరగాయలు పండించి మార్కెట్‌కి వేసిన కుటుంబం. మొదటి రోజు నేను గునపం లాంటి ఫోర్క్ పట్టుకుని తిప్పలు పడుతుంటే వచ్చి, "నడుముతో కాదు లవ్, బరువుతో" అని బూటుకాలు దాని మీద వేసి చూపించారు. లవ్ అనేసరికి గతుక్కుమన్నాను. మనం ఆడపిల్లల్ని అమ్మా అన్నట్టే అక్కడి పెద్దవాళ్ళు అలా అంటారని తర్వాత తెలిసింది. తనని పేరు పెట్టి పిలవమన్నారు. అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి మా పాపే సమస్య తీర్చింది, తాతా అని పిలిచేసింది. వాళ్ళ భాషలో టాటా అంటే వెళ్ళొస్తానని కదా. "రాగానే నన్ను వెళ్ళిపొమ్మంటోందేమిటి?" అని నవ్వారు. అర్థం చెప్పాక కాసేపు ఊరుకుని, "అలా అయితే అలాగే పిలవమను" అన్నారు.

తాతకి ప్రతి పనికీ ఒక రోజు ఉండేది. బంగాళాదుంపలు గుడ్ ఫ్రైడే నాడు నాటాలి. అంతకు నెల ముందే దుంపల్ని గుడ్ల అట్టల్లో, మొలక కళ్ళు పైకి ఉండేలా, కిటికీ దగ్గర వరసగా పేర్చాలి. బెండకాయలు, వంకాయలు వేస్తానంటే తల అడ్డంగా ఊపారు. మే నెల సగం దాకా రాత్రి మంచు ఎప్పుడైనా కొడుతుందట. ఆయన మాట వినకుండా ఏప్రిల్‌లోనే బీర గింజలు పెట్టాను. రెండాకులు వేశాక ఒక రాత్రి మంచుకి నల్లగా మాడిపోయాయి. ఆయన "చెప్పానా" అనలేదు. మర్నాడు మా గేటు మీద రన్నర్ బీన్స్ మొలకలు నాలుగు కుండీలు పెట్టి ఉన్నాయి.

నేను మట్టి తిరగేస్తుంటే రాబిన్ పిట్ట వచ్చేది. ఎర్రటి గుండె ముందుకు పొడుచుకుని, నా బూటుకి రెండడుగుల దూరంలో, ఫోర్క్ పిడి మీద కూడా వాలేది. మట్టి పెల్ల విరగ్గొడితే బయటపడే వానపాము కోసం. అంత చిన్న పిట్ట అంత దగ్గరగా, రెప్పెయ్యకుండా చూస్తుంటే ఊపిరి బిగబట్టేదాన్ని. మా నాయనమ్మ దుక్కి వెనక కొంగలు నడిచేవని చెప్పేది. ఇక్కడ నా వెనక ఈ పిట్ట.

ఒకరోజు పాప కంచె పక్కన పొదలో చెయ్యి పెట్టి కెవ్వుమంది. నెటిల్, మన దురదగొండి లాంటిదే. చెయ్యంతా దద్దుర్లు. నాకు టెన్షన్‌తో చేతులాడలేదు. తాత తాపీగా వంగి, ఆ పొద పక్కనే ఉన్న వెడల్పాటి డాక్ ఆకు కోసి, నలిపి, పసరు రాశారు. "అది ఉన్న చోటే ఇదీ ఉంటుంది" అన్నారు. పసరుకి తగ్గిందో, ఆయన చేతికి తగ్గిందో గానీ ఏడుపు ఆగింది.

ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 4న. ఖర నామ సంవత్సరం. అంతకు ముందేడు మామిడికాయ దొరక్క నిమ్మకాయ పిండి సరిపెట్టుకున్నాను. ఈసారి తాత ప్లాట్లో రూబార్బ్ ఎర్రటి కాడలు వేసుకుని పొదలా లేచింది. "తీసుకెళ్ళు. కాడ తిను, ఆకు మాత్రం విషం" అని ఒక మోపు ఇచ్చారు. వాళ్ళు దాన్ని పంచదార వేసి ఉడికించి తీపి వండుకుంటారు. నేను పచ్చి కాడ కొరికి చూశాను. పళ్ళు పులిసిపోయాయి. మామిడి వాసన లేదుగానీ పులుపు మాత్రం అచ్చం పచ్చి మామిడిదే. సన్నగా తరిగి, అమ్మ కవర్లో పోస్ట్ చేసిన ఎండు వేపపువ్వు వేసి, బెల్లం, కొత్త చింతపండు, మిరియప్పొడి, ఉప్పు కలిపి పచ్చడి చేశాను. ఒక గిన్నెలో తాతకీ పట్టుకెళ్ళాను. చెంచాడు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. చేదు తగిలినప్పుడు కనుబొమలు లేచాయి, తీపి తగిలినప్పుడు దిగాయి. "కొత్త సంవత్సరం ఇలా ఉంటుందని ముందే చెప్పేస్తారన్నమాట" అన్నారు. నేనెప్పుడూ ఎవరికీ అంత సూటిగా చెప్పలేకపోయాను. మిగిలిన కాడలతో ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి రోటి పచ్చడి చేస్తే, గోంగూర మీద బెంగ కొంత తీరింది.

2011 ఏప్రిల్ అంత వెచ్చటి ఏప్రిల్ అక్కడ రికార్డుల్లోనే లేదన్నారు. అన్నీ ముందే పూశాయి. నెలాఖరుకి పెర్షోర్ పక్కన టిడ్డెస్లీ వుడ్‌కి వెళ్ళాం. పెర్షోర్ ప్లమ్ అని పేరుపడ్డ పసుపు ప్లమ్ చెట్టు 19వ శతాబ్దంలో దొరికింది ఆ అడవిలోనే. మేం వెళ్ళింది మాత్రం బ్లూబెల్స్ కోసం. లోపలికి నాలుగడుగులు వేశాక మా వారు, పాప, నేను ముగ్గురం మాటలు ఆపేశాం. చెట్ల కింద నేల కనబడడం లేదు. కనుచూపు మేర నీలం. నీలం అంటే సరిపోదు, సందె చీకట్లో మా చెరువు మీద కమ్మే రంగు. ఎండ పడిన చోట ఒకలా, నీడలో ఇంకోలా. దూరంగా పొగలా తేలుతోంది.

కూర్చుని ఒక్క పువ్వుని దగ్గరగా చూశాను. కాడ విల్లులా ఒక పక్కకి వంగి, గంటలన్నీ ఆ పక్కకే వేలాడుతున్నాయి. రెక్కల కొసలు వెనక్కి చుట్టుకున్నాయి, లోపల మీగడ రంగు పుప్పొడి. సన్నటి వాసన, ఒక్క పువ్వుకి తెలియదు, అడవి మొత్తానికి తెలుస్తుంది. ఓక్ చెట్లు ఆకు వేసి ఎండని మూసేసేలోగా, ఈ నేలమీది పూలు తమ ఏడాది పని మొత్తం ముగించుకోవాలి. మూడు నాలుగు వారాలు. ప్రపంచంలో ఉన్న బ్లూబెల్స్‌లో దాదాపు సగం ఒక్క బ్రిటన్‌లోనే ఉన్నాయట. పాప ఒక పువ్వు తెంపబోయింది. దారిన వెళ్తున్న ఒకావిడ ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, పాప కళ్ళలోకి చూస్తూ చెప్పింది: "దీని ఆకు మీద కాలు వేసినా ఇది కోలుకోడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే మనం దారి మీదే నడుద్దాం, సరేనా?" ఇప్పుడు మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. హైదరాబాద్‌లో పార్కుకి వెళ్ళినా గడ్డి మీద కాలు వెయ్యదు.

ఆ అడవి అంచునే మొదటిసారి కుక్కూ కూత విన్నాను. రెండే అక్షరాలు, రెండోది కాస్త కిందికి. మన కోయిల కూత పైపైకి పోతుంది, ఒకదానికన్నా ఒకటి గట్టిగా. ఇదేమో చెప్పి ఊరుకుంటుంది. మన కోయిలకి దూరపు చుట్టమే, ఇది కూడా ఇంకో పిట్ట గూట్లో గుడ్డు పెడుతుంది. చలికాలమంతా ఆఫ్రికాలో ఉండి ఏప్రిల్‌లో వస్తుందని తాత చెప్పారు. తన చిన్నప్పుడు ఊరంతా వినబడేదని, ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్ళాల్సి వస్తోందని చెబుతూ ఆయన గొంతు తగ్గించారు.

తోటలు చూడ్డం నాకు అక్కడే అలవాటయింది. కాట్స్‌వోల్డ్ కొండ మీద హిడ్‌కోట్ అని పెద్ద తోట ఉంది. 1907లో కొన్న ఎస్టేట్‌ని లారెన్స్ జాన్‌స్టన్ అనే ఆయన ఏళ్ళ తరబడి తీర్చిదిద్ది 1948లో నేషనల్ ట్రస్ట్‌కి, అంటే పాత ఇళ్ళనీ తోటల్నీ కాపాడే సంస్థకి, ఇచ్చేశారు. మొక్కల గోడలతో గదులు గదులుగా కట్టిన తోట, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలి. గొప్పగా ఉంటుంది. కానీ నా మనసు పడింది మామూలు ఇళ్ళ తోటల మీద. 1927 నుంచి అక్కడ ఒక ఏర్పాటు ఉంది. సొంత తోట ఉన్నవాళ్ళు ఏడాదిలో ఒకటి రెండు రోజులు గేటు తీసి పెడతారు, టికెట్ డబ్బు నర్సుల సేవకి వెళ్తుంది. మొదటి ఏడాది ఒక షిల్లింగ్ తీసుకుని 609 తోటలు తెరిచారట. వీధిలో పసుపు రంగు బోర్డు కనబడితే చాలు, కారు ఆపించేదాన్ని.

అలా ఒక మే ఆదివారం, పక్క పల్లెలో ఒక ముసలావిడ ఇంటికి వెళ్ళాం. ఇల్లు చిన్నది, తోట ఇంకా చిన్నది. గోడ వారన వాల్‌ఫ్లవర్స్, వాటి కింద ఫర్గెట్-మీ-నాట్ నీలం పూలు, మధ్యలో చిలకపచ్చ ఆకులతో లూపిన్స్. వెనక ఒకటే ఆపిల్ చెట్టు, దాని మొగ్గ గులాబి రంగు, విచ్చితే తెలుపు. చెట్టు కింద మడత కుర్చీలు, బల్ల మీద ఆవిడ చేతుల మీదుగా చేసిన లెమన్ కేక్, టీ. నేను ఒక్కో మొక్క పేరూ అడుగుతుంటే ఆవిడ మిగతా జనాన్ని వదిలేసి నా చెయ్యి పట్టుకుని తోటంతా తిప్పింది. ఆరు నెలలు వీధిలో హలో దగ్గర ఆగిపోయే మనుషులు, మొక్క పేరు అడిగితే మాత్రం గంట మాట్లాడతారు. వెళ్తుంటే పాత పెరుగు కప్పులో ఒక మొక్క పెట్టి ఇచ్చింది. మా నాయనమ్మ కొబ్బరి చిప్పలో కనకాంబరం నారు ఇచ్చేది వచ్చినవాళ్ళకి.

ఏప్రిల్ 23, సెయింట్ జార్జ్ పండుగ. ఈవ్‌షమ్ వాళ్ళకి అది ఆస్పరాగస్ పండుగ. మట్టిలోంచి లేచే లేత కాడల్నే కూరగా తింటారు. ఆ రోజు నుంచి జూన్ 21 దాకా, ఎనిమిది వారాలు. పొలాల గేట్ల దగ్గర బల్ల వేసి కట్టలు పెడతారు, పక్కన డబ్బులకి ఒక రేకు డబ్బా. మనిషెవరూ ఉండరు. తీసుకుని డబ్బులు వేసి వెళ్ళడమే. ఆ ప్రాంతం వాళ్ళు ఆస్పరాగస్ అనరు, ముద్దుగా గ్రాస్ అంటారు. తాత వాళ్ళ నాన్న కాలంలో నూరు అని కడితే నూట ఇరవై కాడలు ఉండేవట. తాత ఉడకబెట్టి వెన్న వేసుకుని తినేవారు. నేను ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి వేపుడు చేసి ఇస్తే, రెండో రోజు వచ్చి "ఆ నల్ల గింజలది ఇంకా ఉందా?" అన్నారు.

2013 మార్చి అన్నిటికన్నా కష్టమైన మార్చి. 1962 తర్వాత అంత చలి మార్చి రాలేదన్నారు. డాఫడిల్స్ మొగ్గ మీదే ఆగిపోయాయి. ఆ నెలలోనే మా తాతగారు పోయారు. టికెట్లు దొరికి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చాక పది రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఏప్రిల్ రెండో వారంలో పెద్దాయన తలుపు కొట్టారు. చేతిలో గోనెపట్టా, అందులో సాలెపురుగుల్లా వేళ్ళు వేలాడుతున్న దుంపలు. ఆస్పరాగస్ క్రౌన్స్. "రా, నాటుదాం" అన్నారు, ఇంకేం అడగలేదు.

అడుగు లోతు కాలువ తీశాం. మధ్యలో మట్టిని చిన్న గట్టులా పోగుచేశాం. ఆ గట్టు మీద ఒక్కో దుంపనీ కూర్చోబెట్టి, వేళ్ళని రెండు పక్కలకీ, జడ పాయలు విడదీసినట్టు పరిచాం. పైన మట్టి కప్పాం. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. "ఈ ఏడాది కొయ్యకూడదు. వచ్చే ఏడాది కూడా కొయ్యకూడదు. పైకి ఎదిగి ఎండిపోనివ్వాలి, వేరు బలపడాలి. మూడో ఏడు కాస్త" అన్నారు. నేను మట్టి సర్దుతూ మా తాతగారి గట్టు కథ మొత్తం మొదటిసారి ఆయనకి చెప్పాను. పదకొండేళ్ళూ. ఆయన ఫోర్క్ మీద ఆనుకుని విన్నారు. "మంచి మట్టి అయ్యుంటుంది" అన్నారు. అవును, నల్లరేగడి అని చెప్పాను.

మే సాయంత్రాలు మాత్రం ఎంత రాసినా తీరదు. మార్చి చివరి ఆదివారం గడియారం ఒక గంట ముందుకు తిప్పుతారు, అక్కణ్ణించి రోజు సాగుతూనే ఉంటుంది. మే నెలాఖరుకి రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురే. అన్నాలు తిని కూడా ప్లాట్‌కి వెళ్ళేవాళ్ళం. హాథార్న్ కంచెలన్నీ తెల్లగా, బరువుగా వంగి ఉండేవి. ఎక్కడో ఇంటి కప్పు మీద బ్లాక్‌బర్డ్ ఒక్కటే తీరిగ్గా పాడేది. నీళ్ళ క్యాన్ నింపుకుంటూ, పాప ఒంటి మీద మట్టి కడుగుతూ, ఎవరమూ ఇంటికి వెళ్దామనేవాళ్ళం కాదు.

2015 ఏప్రిల్‌లో, మూడో ఏడు, మడిలో మొదటి మొనలు మట్టిని చీల్చుకుని వచ్చాయి. బొటనవేలంత లావు, కొస ఊదారంగు. తాత వాళ్ళ నాన్న కత్తి తెచ్చారు, పొడుగ్గా, కొస దగ్గర రంపంలా పళ్ళున్న కత్తి. మట్టిలోపల రెండంగుళాలు కిందికి పోనిచ్చి కొయ్యాలి. మొదటి కాడ పాప కోసింది. పదకొండు కాడలు వచ్చాయి. లెక్కపెట్టుకుని ఇంటికి తెచ్చి, సగం వెన్నతో, సగం ఆవాలతో చేసుకుని తాతతో కలిసి తిన్నాం.

ఆగస్టులో మేం హైదరాబాద్ వచ్చేశాం. అమ్మకి ఒంట్లో బాగుండడం లేదు, పాప చదువు, మా వారి కొత్త ఉద్యోగం, అన్నీ ఒకేసారి వచ్చాయి. ప్లాట్ కౌన్సిల్‌కి అప్పజెప్పాం. బయల్దేరే రోజు తాత ఒక కవర్లో రన్నర్ బీన్స్ గింజలు వేసి ఇచ్చారు, ఊదా రంగు మీద నల్ల మచ్చలు. బాల్కనీ కుండీలో పెట్టాను. మొలిచాయి, పాకాయి, ఎర్రటి పువ్వులు గుత్తులు గుత్తులుగా పూశాయి. మన ఎండకి ఒక్క కాయా పట్టలేదు. పువ్వులే చాలనుకున్నాను.

మా మడి తర్వాత ఒక పోలండ్ జంట తీసుకున్నారని తాత ఫోన్లో చెప్పారు. వాళ్ళకి పని వచ్చట, నడుముతో కాదు, బరువుతో తవ్వుతున్నారట. ఆ ఆస్పరాగస్ వరస మాత్రం తియ్యొద్దని ఆయనే వెళ్ళి చెప్పొచ్చారు. సరిగ్గా చూసుకుంటే ఆ వేరు ఇరవై ఏళ్ళు కాస్తుంది. మేం నాటింది 2013లో.